వయసు సాకుతో పక్కకు తప్పించాలని చూస్తే: ఉద్యోగంలోనూ రాజకీయాల్లోనూ పెద్దవారు చేయవలసిన పనులు

వయసు కారణంగా ఉద్యోగుల పట్ల వివక్ష చూపరాదని ప్రైవేటు యజమానిని నేరుగా కట్టడి చేసే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగంలోని 15, 16 అధికరణాలు మతం, కులం, లింగం, జన్మస్థలం వంటి వాటిని పేర్కొన్నాయి గాని వయసును పేర్కొనలేదు. 14వ అధికరణం ఇచ్చే సమానత్వ హామీని ప్రభుత్వం ముందు, ప్రభుత్వ సంస్థల ముందు నిలబెట్టి అడగవచ్చు గాని, మాదాపూర్‌లోని ప్రైవేటు కంపెనీనో విజయవాడలోని బట్టల దుకాణాన్నో దాని ఆధారంగా నేరుగా నిలదీయలేము. ఈ సంగతి మొదటే తెలిసి ఉంటే, వయసు పేరుతో అన్యాయం జరిగిందని మాత్రమే రాసిన అర్జీ పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుంది. నోటీసు, పరిహారం, సీనియారిటీ, గ్రాట్యుటీ, పింఛను అనే అయిదు విషయాల్లో చట్టం చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. వయసు మళ్లిన ఉద్యోగికి రక్షణ వాటిలోనే ఉంది, ఆ రక్షణ అందేదీ పోయేదీ చాలావరకు ఒక్క కాగితం మీది సంతకంతోనే తేలుతుంది.

సంతకానికి ముందు

యాభై దాటిన ఉద్యోగిని తొలగించాలనుకున్న సంస్థ తొలగింపు ఉత్తర్వు ఇవ్వడం అరుదు. ముందు రేటింగ్ తగ్గుతుంది, ఏళ్ల తరబడి చూసిన పని వేరొకరికి వెళుతుంది, దూరపు ఊరికి బదిలీ మాట వినిపిస్తుంది, పనితీరు మెరుగుదల ప్రణాళిక అనే పేరుతో ఎవరూ అందుకోలేని లక్ష్యాలు వస్తాయి. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి, “మీ వయసుకు ఈ ఒత్తిడంతా ఎందుకు సార్, మీరే పేపర్లు పెట్టేయండి, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం” అంటారు. మాట మర్యాదగానే ఉంటుంది. ఆ గదిలోనే రాజీనామాపై సంతకం చేస్తే, చట్టం దృష్టిలో మిమ్మల్ని ఎవరూ తొలగించలేదు, మీరే ఇష్టపూర్వకంగా వెళ్లిపోయారు. ఉద్యోగి స్వచ్ఛందంగా విరమిస్తే దానిని రిట్రెంచ్‌మెంట్‌గా, అంటే యజమాని సిబ్బందిని తగ్గించడంగా, పరిగణించరు కాబట్టి, ఆ మార్గంలో రావలసిన నోటీసు, పరిహారం, సీనియారిటీ రక్షణ అన్నీ ఆ సంతకంతో పోతాయి. బలవంతంగా రాయించుకున్నారని తర్వాత రుజువు చేయడం అసాధ్యం కాదు గాని చాలా కష్టం.

కాబట్టి ఆ గదిలో చేయవలసిన పని సంతకం చేయకుండా బయటికి రావడం. “ఇంట్లో వాళ్లతో మాట్లాడి, చదువుకుని చెబుతాను, కాపీ ఇవ్వండి” అన్న మాట చాలు. కోపం అక్కరలేదు, వాదన అక్కరలేదు. అదే రోజు సాయంత్రంలోగా, ఎవరెవరు ఉన్నారో, ఏమన్నారో, మీరేమని బదులిచ్చారో వివరిస్తూ, రాజీనామా చేసే ఉద్దేశం మీకు లేదని, సంస్థ మిమ్మల్ని తొలగించదలిస్తే కారణాలతో లిఖితపూర్వకంగా తెలపాలని కోరుతూ హెచ్‌ఆర్‌కు ఒక ఈమెయిల్ పంపండి. మన దగ్గర ఇలాంటి మెయిల్ పంపడాన్ని గొడవకు దిగడంగా భావించే అలవాటు ఉంది. ముప్ఫై ఏళ్లు ఒకేచోట పనిచేసినవారికి అది మరీ కష్టంగా తోస్తుంది. అయినా ఆ మెయిలే రేపటి మీ సాక్ష్యం. అప్పటికే ఒత్తిడిలో సంతకం చేసి ఉంటే, రాజీనామాను సంస్థ ఆమోదించకముందే వెనక్కి తీసుకుంటున్నట్లు వెంటనే రాతపూర్వకంగా పంపండి. ఒక్క రోజు ఆలస్యమైనా కష్టమే.

సంస్థ లాప్‌టాప్‌నూ ఈమెయిల్‌నూ ఒక్క క్షణంలో నిలిపివేయగలదు కనుక, నియామక పత్రం, ఇంక్రిమెంట్ ఉత్తర్వులు, గత అయిదారేళ్ల రేటింగులు, ప్రశంసా పత్రాలు, జీతం చీటీలు, ఉద్యోగుల నియమావళి మీ దగ్గర సొంతంగా ఉండాలి. సంస్థ వ్యాపార రహస్యాలను మాత్రం ముట్టుకోవద్దు, అది మీ మీదే కేసుగా మారుతుంది. “యంగ్ టీమ్ కావాలంటున్నారు” వంటి వాట్సాప్ సందేశం వస్తే స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకుండా, ఫోన్‌లోని అసలు సందేశాన్ని చెరపకుండా ఉంచాలి. ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టు ముందు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, దానికి అసలు పరికరం దగ్గర ఉండటం మేలు చేస్తుంది.

ఏ చట్టం కింద, ఎవరి దగ్గరికి

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాయి, పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల స్మృతి వచ్చింది. వయసు పైబడినవారికి అందులో అన్నిటికంటే పనికొచ్చే నియమం పాత చట్టం నుంచి కొనసాగుతూ వస్తున్నదే: ఒకే తరహా పని చేసేవారిలో కొందరిని తగ్గించవలసి వస్తే, చివరగా చేరినవారినే ముందుగా తీసివేయాలి. ఈ వరుస తప్పితే యజమాని కారణాలను రాసి ఉంచాలి. ఇరవై రెండేళ్ల సర్వీసు ఉన్నవారిని పంపించి, రెండేళ్ల కిందట చేరినవారిని అదే పనిలో ఉంచితే మీరు అడగవలసిన ప్రశ్న “నా వయసును చూసి తీశారా” అన్నది కాదు. “మా విభాగపు సీనియారిటీ జాబితా ఏది, వరుస తప్పడానికి రాసి పెట్టిన కారణం ఏది” అన్నది. మొదటి ప్రశ్నకు సంస్థ ఏ జవాబైనా చెప్పి తప్పించుకోగలదు. రెండో దానికి కాగితం చూపించాలి.

అదే స్మృతి ప్రకారం, ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడిని తగ్గించాలంటే కారణాలతో నెల రోజుల నోటీసు గాని దానికి బదులు జీతం గాని ఇవ్వాలి, నిండిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. ఇవికాక, మరో 15 రోజుల వేతనం పునర్నైపుణ్య నిధి (తొలగించినవారు కొత్త పని నేర్చుకోవడానికి ఉద్దేశించిన నిధి) ద్వారా 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. ఏడాదిలోగా సంస్థ మళ్లీ నియామకాలు చేపడితే తొలగించినవారికే ప్రాధాన్యం ఇవ్వాలి. వేతనాల స్మృతి ప్రకారం, తొలగించినా రాజీనామా చేసినా బకాయి జీతం రెండు పనిదినాల్లో చేతికి రావాలి; ఫుల్ అండ్ ఫైనల్ పేరుతో నెలల తరబడి తిప్పడానికి వీల్లేదు.

పారిశ్రామిక సంబంధాల స్మృతి “కార్మికుడి”గా లెక్కించేవారికే అందులోని రక్షణలన్నీ. నిర్వాహక హోదాలో ఉన్నవారు, నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే పర్యవేక్షకులు అందులోకి రారు. అయితే మేనేజర్ అనే బిరుదు చూసి మీరే వెనక్కి తగ్గవద్దు. కార్డు మీద ఏం రాసి ఉందనేదాని కంటే నిజంగా చేసే పని ఏమిటనేదే విచారణలో నిలుస్తుంది. సెలవులు మంజూరు చేసే అధికారం, కిందివారిని నియమించే అధికారం మీకు లేకపోతే ఆ సంగతి చూపించే మెయిళ్లు దాచుకోండి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం మరో ఆధారం. ఆశ్చర్యం ఏమిటంటే హైదరాబాదు కార్యాలయాల్లో పనిచేసే చాలామందికి దీని ఊసే తెలియదు. ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు గాని దానికి బదులు జీతం గాని ఇవ్వకుండా తొలగించరాదని దాని 47వ సెక్షన్ చెబుతుంది, తొలగింపుపై అప్పీలు చేసుకునే అవకాశాన్ని కూడా ఈ చట్టం ఇస్తుంది. వయసు పెరగడం దానంతట అదే సహేతుకమైన కారణం కాదని వాదించడానికి ప్రైవేటు ఉద్యోగికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. మీ ప్రాంతపు కార్మిక శాఖ సహాయ కమిషనరు కార్యాలయంలో అడిగితే అప్పీలు ఎవరి ముందు వేయాలో చెబుతారు. ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే సంప్రదింపుల అధికారి ముందు వేసే పారిశ్రామిక వివాదానికైతే రెండేళ్ల గడువు ఉంటుంది గాని, ఆ గడువును నమ్ముకుని కూర్చోవద్దు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

గ్రాట్యుటీ విషయంలో సంస్థ దయ ఏమీ లేదు. పది మందీ అంతకు మించీ పనిచేసే చోట అయిదేళ్ల సర్వీసు నిండితే, చివరి నెల వేతనాన్ని 26తో భాగించి 15తో హెచ్చించి, దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించగా వచ్చే మొత్తం మీ హక్కు. చివరి వేతనం 26,000 రూపాయలు, సర్వీసు 20 ఏళ్లు అయితే అది 3 లక్షలు. గరిష్ఠ పరిమితి 20 లక్షలు. ముప్ఫై రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కలుస్తుంది. “గ్రాట్యుటీ కావాలంటే రాజీనామా పెట్టండి” అని ఎవరైనా అంటే ఆ రెండింటికీ సంబంధం లేదని గుర్తుంచుకోండి. సంస్థే తొలగించినా గ్రాట్యుటీ వస్తుంది.

ఇక పింఛను. ఉద్యోగుల పింఛను పథకం కింద పది ఏళ్ల సర్వీసు ఉన్నవారికి 58వ ఏట పూర్తి పింఛను మొదలవుతుంది. యాభై నిండాక ముందుగానే తీసుకోవచ్చు గాని, 58కి ఎన్నేళ్లు ముందుగా తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున అంత తగ్గుతుంది, ఆ తగ్గింపు జీవితాంతం ఉంటుంది. 54వ ఏట ఉద్యోగం పోయిన కంగారులో పింఛను దరఖాస్తు పెట్టేవారు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి. 58 దాటాక కూడా మిమ్మల్ని పనిలో ఉంచుకోవడానికి పీఎఫ్ నిబంధనలు అడ్డురావు. అప్పటినుంచి పింఛను ఖాతాకు వెళ్లే భాగం కూడా పీఎఫ్‌లోనే జమ అవుతుంది. నిబంధనలు ఒప్పుకోవని ఎవరైనా అంటే ఆ నిబంధనను చూపించమనండి.

ప్రభుత్వ ఉద్యోగులు: 1983లో జరిగినది

పదవీ విరమణ వయసు ప్రకృతి నిర్ణయించినది కాదనడానికి మన రాష్ట్రాలే చాలు. తెలంగాణలో 2021లో 58 నుంచి 61కి పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెంచారు. హైకోర్టు న్యాయమూర్తికి 62, సుప్రీంకోర్టు న్యాయమూర్తికి 65. కృష్ణా నదికి ఈవల ఒక గుమస్తా ఇంటికి వెళ్లే వయసులో ఆవల అదే పని చేసే గుమస్తా ఉద్యోగంలోనే ఉంటారు.

1983 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి ఒక్కసారిగా 55కి తగ్గించింది. ఆ నెలాఖరుకే వేల మంది ఇంటిదారి పట్టవలసి వచ్చింది, పిల్లల చదువులూ పెళ్లిళ్లూ మధ్యలో ఉన్న కుటుంబాలు దిక్కుతోచక నిలబడ్డాయి. ఆ నిర్ణయం తీసుకున్న ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు అంతకు ఏడాది ముందు, తన 58వ ఏట పార్టీ పెట్టి, 59వ ఏట ముఖ్యమంత్రి అయ్యారు. 55 దాటినవారు పనికిరారనే మాటకు ఆయన సొంత జీవితమే గట్టి సమాధానమని నా అభిప్రాయం. ఉద్యోగులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కె. నాగరాజ్ కేసులో 1985 జనవరిలో కోర్టు, విరమణ వయసు ఎంత ఉండాలనేది ప్రభుత్వ విధాన నిర్ణయమని చెప్పి ఆ తగ్గింపును సమర్థించింది. ఈలోగా 1984 ఆగస్టులో ప్రభుత్వం వయసును తిరిగి 58 చేసింది గాని, మధ్యలో 55కే ఇంటికి పంపినవారిని పట్టించుకోలేదు. వారు మళ్లీ కోర్టుకు వెళ్లగా, బి. ప్రభాకరరావు కేసులో 1985లోనే సుప్రీంకోర్టు ఆ వ్యత్యాసం వివక్షేనని తేల్చి, ఇంకా సర్వీసు మిగిలి ఉన్నవారిని తిరిగి విధుల్లోకి తీసుకోవాలని ఆదేశించింది.

ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే ప్రభుత్వ ఉద్యోగికి దారి కనిపిస్తుంది. వయసు తక్కువగా నిర్ణయించారని అడిగినప్పుడు ఓడిపోయారు. ఒకేలాంటి వారిలో మాకొక రీతి, వారికొక రీతి ఎందుకని అడిగినప్పుడు గెలిచారు. 1981లో ఎయిరిండియా ఎయిర్‌హోస్టెస్‌ల కేసులోనూ ఇదే కనిపిస్తుంది: 35వ ఏట విరమణ అనే నిబంధనను కోర్టు నేరుగా కొట్టివేయలేదు గాని, పొడిగింపు ఇవ్వాలా వద్దా అన్నది మేనేజింగ్ డైరెక్టరు ఇష్టానికి వదిలేయడాన్నీ, మొదటి గర్భంతోనే ఉద్యోగం పోయే నిబంధననూ కొట్టివేసింది. అందువల్ల మీ సంస్థలో కొందరికి విరమణ తర్వాత పొడిగింపో కాంట్రాక్టో ఇచ్చి మీకు నిరాకరిస్తే, సమాచార హక్కు చట్టం కింద గత కొన్నేళ్లలో పొడిగింపులు పొందినవారి హోదాలు, వాటికి అనుసరించిన ప్రమాణాలు, నోట్‌ఫైలు (ఫైలులో అధికారులు రాసిన అభిప్రాయాలు) నకళ్లు అడగండి. 30 రోజుల్లో సమాధానం రావాలి. ప్రమాణాలే లేవని జవాబు వస్తే, ఆ జవాబే మీ కేసుకు పునాది.

మళ్లీ పని వెతుక్కునేటప్పుడు

“35 ఏళ్లలోపు వారే దరఖాస్తు చేయాలి” అని ప్రైవేటు సంస్థ ప్రకటన ఇస్తే దాన్ని ఆపే చట్టం మనకు లేదు, అది మారవలసిన విషయం. ప్రస్తుతానికి, దరఖాస్తులో పదో తరగతి నుంచి ఏళ్లన్నీ వరుసగా రాయకుండా గత పది, పదిహేనేళ్ల పనిని ముందు పెట్టడం తప్పేమీ కాదు. అయితే పుట్టిన తేదీని దాచడం, మార్చడం పనికిరాదు; ఆధార్, పీఎఫ్ వివరాలతో పోల్చినప్పుడు బయటపడి, వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది. అరవై దాటినవారి కోసం కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2021 అక్టోబరు 1న సేక్రెడ్ అనే పోర్టల్‌ను ప్రారంభించింది. అందులో పేరు నమోదు చేసుకోండి గాని దాని మీదే ఆశ పెట్టుకుని ఊరుకోవద్దు. వెనుకటి సంస్థలో మీ దగ్గర పని నేర్చుకున్నవారు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి పలకరించడం దానికన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. పల్లెల్లో “మీకు చేతకాదు, ఇంట్లో కూర్చోండి” అని ఉపాధి పని నిరాకరించేవారికి, ఉపాధి హామీ చట్టం 18 ఏళ్లు నిండాలన్నదే తప్ప పై వయసు పరిమితి పెట్టలేదని చెప్పి, పని కోసం రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి తేదీతో రసీదు అడగాలి. 14567 అనే పెద్దల సహాయ నంబరుకు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

అమెరికాలో పనిచేస్తున్న మనవారి పరిస్థితి వేరు. అక్కడ 1967 నుంచే ఉద్యోగాల్లో వయసు వివక్షను నిషేధించే చట్టం ఉంది. ఇరవై మందీ అంతకు మించీ ఉన్న సంస్థల్లో 40 ఏళ్లు నిండినవారందరినీ అది కాపాడుతుంది, పౌరసత్వంతో పనిలేదు. సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు ఫిర్యాదు 180 రోజుల్లో, రాష్ట్రానికి సొంత చట్టం ఉన్నచోట 300 రోజుల్లో చేయాలి. లేఆఫ్‌లో పరిహారం ఇస్తూ వయసు వివక్ష కేసు వేయబోమని సంతకం అడిగితే, ఆలోచించుకోవడానికి 21 రోజులు, సామూహిక తొలగింపైతే 45 రోజులు ఇవ్వాలి, సంతకం చేశాక కూడా ఏడు రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. సామూహిక తొలగింపులో ఎవరిని తీశారో, ఎవరిని ఉంచారో వారి హోదాలతో, వయసులతో సహా జాబితా ఇవ్వాలి. వీసా గడువు తరుముతుంటే ఆ జాబితా చదవకుండానే సంతకం పెట్టేవారున్నారు. మొదట చదవవలసింది ఆ జాబితానే.

రాజకీయాల్లో

శాసనసభకు, లోక్‌సభకు పోటీ చేయడానికి 25 ఏళ్లు, రాజ్యసభకు 30, పంచాయతీకి 21 నిండాలి. పై పరిమితి ఎక్కడా లేదు. వయసు ఎక్కువైందని ఏ రిటర్నింగ్ అధికారీ నామినేషన్ తిరస్కరించలేరు. పి.వి. నరసింహారావు 1991 లోక్‌సభ ఎన్నికల్లో పోటీ చేయకుండా విశ్రాంతికి సిద్ధమైన తర్వాతే, డెబ్బై నిండడానికి వారం ముందు ప్రధాని అయ్యారు, ఆ నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో అయిదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. కొణిజేటి రోశయ్య ముఖ్యమంత్రి అయినది 76వ ఏట.

అయితే పైన ఇంతమంది పెద్దలు ఉన్నారు గదా, రాజకీయాల్లో వయసు వివక్ష ఎక్కడుందని అడగడం సరికాదు. ఆ వివక్ష పడేది ముప్ఫై ఏళ్లు జెండా మోసి మండల కమిటీ నుంచి తప్పించబడిన కార్యకర్త మీద, వార్డు సభ్యురాలిగా చేసి ఇక చాలు లెమ్మనిపించుకున్న మహిళ మీద. వారిని ఎవరూ బహిష్కరించరు. శాలువా కప్పి గౌరవ సలహాదారు అనే పేరు ఇస్తారు. ఆ పదవికి ఓటు ఉండదు, సమావేశానికి పిలుపు ఉండదు. ఉద్యోగంలో రాజీనామా పత్రం చేసే పనినే ఇక్కడ ఈ సన్మానం చేస్తుంది. కాబట్టి శాలువా స్వీకరించే ముందు, ఆ పదవికి కమిటీలో ఓటు హక్కు ఉందా, సమావేశాల నోటీసు వస్తుందా, మినిట్స్‌లో పేరు ఉంటుందా అని అడగండి, అవి లేకపోతే పాత సభ్యత్వాన్నే కొనసాగించమని రాసివ్వండి. మీ బూత్‌లో గత మూడు ఎన్నికల్లో పోలైన ఓట్లు, మీరు చేర్పించిన సభ్యత్వాలు, పరిష్కరించిన పింఛను, రేషను సమస్యలు ఒక పేజీలో రాసి జిల్లా నాయకత్వానికి ఇవ్వండి.

పార్టీలో వయసు నియమం ఉందని చెబితే, అది పార్టీ నిబంధనావళిలో ఉందా, అందరికీ ఒకేలా వర్తిస్తుందా అని అడగడం సభ్యుడి హక్కు. 2014లో భారతీయ జనతా పార్టీ అద్వానీ, మురళీమనోహర్ జోషిలను మార్గదర్శక మండలి అనే పెద్దల సలహా బృందంలో పెట్టినప్పటి నుంచి 75 ఏళ్ల గీత గురించి మాట వస్తూనే ఉంది. ఏ పార్టీలోనైనా రాతలో లేని గీత నాయకుడి ఇష్టాన్ని బట్టి జరుగుతుంది. యువతకు చోటు దొరకాలన్నది న్యాయమైన కోరిక, దాన్ని పెద్దలు వ్యతిరేకించకూడదు. పదవీకాలానికి పరిమితి పెడితే ఆ కోరిక నెరవేరుతుంది, ఎవరి వయసునూ కించపరచవలసిన అవసరం ఉండదు. టికెట్ రాకపోయినా నిలబడదలిస్తే, శాసనసభకు స్వతంత్ర అభ్యర్థిగా అదే నియోజకవర్గపు ఓటర్లు పదిమంది ప్రతిపాదించాలి, డిపాజిట్ 10,000 రూపాయలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి అందులో సగం.

ఓటు విషయంలో ఒక జాగ్రత్త. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారు ఇంటి నుంచే ఓటు వేయవచ్చు. 2024కు ముందు ఈ వయసు 80గా ఉండేది కనుక పాత లెక్కతో ఎదురుచూసి నష్టపోవద్దు. నోటిఫికేషన్ వెలువడిన అయిదు రోజుల్లో ఇంటి ఓటు దరఖాస్తు అయిన ఫారం 12డి అందాలి, ఒకసారి ఇంటి ఓటు ఎంచుకుంటే పోలింగ్ కేంద్రంలో వేయనివ్వరు. కాబట్టి ఎన్నికల తేదీలు ప్రకటించగానే బూత్ స్థాయి అధికారిని కలిసి ఫారం తీసుకోండి, ఓటు వేసేటప్పుడు ఇంట్లోని వారెవరూ పక్కన నిలబడి గుర్తు చూపించకుండా, పెద్దవారు తమంతట తామే గోప్యంగా వేసేలా చూడమని వచ్చిన సిబ్బందిని అడగండి.